కత్తి కాంతమ్మ పది పాసైంది

అమలాపురం,
20 జూన్ 1999.

చెల్లి రేచల్‌కి,

నువ్వు పంపిన పెట్టె క్షేమంగా చేరింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన లాజరు గారు రాజోలులో బస్సెక్కి పనిగట్టుకుని తెచ్చి ఇచ్చారు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ బస్సు దొరకదంటూ వెళ్ళిపోయారు. ఆయనకీ, మీ వార్డులో ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్తూ ఈ పెట్టె నీ చేతిలో పెట్టిన ఫిలిప్పీన్స్ నర్సమ్మకీ నా కృతజ్ఞతలు చెప్పు. వేసవికి రాలేకపోయానని నువ్వు బాధపడకు. దీవెన అర్థం చేసుకుంది. అర్థం చేసుకుందనే అనుకుంటున్నాను.

పెట్టె తెరిచాక మొదట నిరాశపడ్డానని ఒప్పుకోవాలి. ఆట అన్నావు కదా అని చూస్తే గళ్ళ అట్ట లేదు, పావులు లేవు. ఒక పల్చటి పుస్తకం, కొన్ని వింత పాచికలు, అంతే. కాలేజీలో ఇరవై ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్న నాకే ఆ పుస్తకం అర్థం కావడానికి వారం పట్టింది. ఒకరు కథ చెప్పాలి. మిగిలినవాళ్ళు తలో మనిషిగా మారి, ఆ కథలో తామేం చేస్తారో చెప్పాలి. చేసింది ఫలించిందో లేదో పాచిక చెబుతుంది, పెద్ద అంకె పడితే ఫలించినట్టు. ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంది, ఊదారంగుది. పిల్లలు దానికి నేరేడుపండు అని పేరు పెట్టారు.

పిల్లలు అన్నాను చూశావా! నీకు చెప్పాల్సిన అసలు సంగతి అదే. నా దగ్గరికి వచ్చిన ఏడాదిలో దీవెన బడి నుంచి ఒక్క స్నేహితురాల్ని ఇంటికి తీసుకురాలేదు. ఆదివారం గుడి నుంచి వచ్చాక సాయంత్రం దాకా గోడకి ఆనుకుని కూర్చునేది. ఇప్పుడు పక్కింటి సాయిదుర్గ, దాని తమ్ముడు వినయ్, మధ్యాహ్నం భోజనం కాగానే మా వరండాలో వాలిపోతున్నారు. వాళ్ళ నాయనమ్మ సత్యనారాయణమ్మ గారు కూడా కొబ్బరాకులు వెంటపెట్టుకుని వచ్చి, చీపుళ్ళకి ఈనెలు తీసుకుంటూ కథ వింటున్నారు.

కోటలూ గుహలూ వీళ్ళకేం తెలుస్తాయని, కథని గోదావరి లంకల్లోకి మార్చాను. దీవెన కత్తి కాంతమ్మ. సాయిదుర్గ రేవు రత్తాలు, పడవ నడుపుతుంది. వినయ్ తాళాల సూరయ్య, ఎలాంటి తాళమైనా తీస్తాడు. మనుషులు ఆడేకొద్దీ ఒక్కో మెట్టు పైకెక్కుతారని పుస్తకంలో ఉంది. దాన్ని నేను 'తరగతి' అని తెలుగు చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే 'స్థాయి' అనాల్సిందేమో. ఎందుకంటే సత్యనారాయణమ్మ గారు, "మన దీవెనమ్మ ఎనిమిదో తరగతి, కాంతమ్మేమో ఒకటో తరగతి. అంత కత్తి పట్టుకుని ఒకటో తరగతిలో ఎలా కూచోబెట్టేరండీ?" అని అడిగారు.

పాస్టరమ్మగారు ఒకరోజు వచ్చి, "దెయ్యాల ఆటంటగా అమ్మా?" అన్నారు. "దెయ్యాల్ని తరిమే ఆటండీ" అన్నాను. "ఆయ్, అలాగైతే పర్లేదు" అని, కాఫీ తాగి, రత్తాలు ఏరు దాటేదాకా కూర్చుని వెళ్ళారు.

నిన్న రాత్రి నీ కూతురు నిద్రలో నవ్వింది రేచల్. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మీ అక్క,
పుష్పలత

కువైట్,
22 ఆగస్టు 1999.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వేనో. డ్యూటీలో జేబులో పెట్టుకుని తిరిగేను. పాస్టరమ్మగారి సంగతి మీ మరిదిగారికి చదివి వినిపిస్తే, వ్యాను నడుపుతూ నవ్వి నవ్వి సిగ్నలు చూసుకోలేదు. నా కూతురు నిద్రలో నవ్విన ముక్క మాత్రం ఆయనకి చదవలేదు. అది నాది.

ఒక మాట దీవెనకి నువ్వే నెమ్మదిగా చెప్పాలి. క్రిస్మస్‌కి సెలవు లేదన్నారు. మనుషులు తక్కువగా ఉన్నారట. అడిగేను అక్కా, గట్టిగానే అడిగేను.

అందుకే శుక్రవారం సంతకి వెళ్ళి పాత పుస్తకాల కుప్పలన్నీ తిరగేసేను. ఆ ఆటవే ఇంకో రెండు పుస్తకాలు దొరికేయి! పెట్టెలో ఉన్నదానికంటే వీటిలో ఎక్కువ శక్తులున్నాయని కొట్టువాడు చెప్పేడు. నీళ్ళ మీద నడవడం, మాటతో తలుపులు బద్దలుకొట్టడం, ఇంకా ఏవేవో. అన్నిట్లోకీ బలమైనది తీసుకోమను నా తల్లిని. ఎవరికీ తీసిపోకూడదు.

నీ ఋణం ఎలా తీర్చుకోవాలో తెలీదు అక్కా. ఇలా రాస్తే తిడతావని తెలిసీ రాస్తున్నాను.

నీ చెల్లి,
రేచల్

అమలాపురం,
14 నవంబరు 1999.

రేచల్‌కి,

పుస్తకాలు అందాయి. దీవెన వాటిని దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. అమ్మ వెతికి వెతికి తెచ్చింది అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది. ఆ సంతోషం ముందు నేను రాయబోయేది చిన్న విషయం. రాయాలా వద్దా అని రెండుసార్లు కాగితం మడిచేశాను కూడా.

కత్తి కాంతమ్మ ఇప్పుడు నీళ్ళ మీద నడుస్తుంది. పోయిన నెల ఒక ఆదివారం లంకలో చిక్కుకున్నవాళ్ళని తీసుకురావాలి. రత్తాలు పడవ విప్పబోతుంటే దీవెన, "అక్కర్లేదు, నేను నడిచెళ్ళి ఎత్తుకొచ్చేస్తా" అంది. పాచిక వేసింది, పద్దెనిమిది. అయిపోయింది. సాయిదుర్గ పడవని మళ్ళీ కట్టేసింది. అంటే, "కట్టేశానండీ మేడంగారూ" అని చెప్పి, గచ్చు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

సత్యనారాయణమ్మ గారు ఊరుకోరు కదా. "పడవొద్దంటే రత్తాలేం చేసుద్దండీ? నాకు మల్లే గట్టు మీద కూచుని ఈనెలు తీసుకోవాలా?" అన్నారు.

తర్వాతి వారం రెండో పుస్తకం. కాంతమ్మ ఒక్క మాటతో తలుపు బద్దలుకొట్టింది. సూరయ్య తాళం తీసే ఇనప చువ్వ చేతిలోనే ఉండిపోయింది. వినయ్ చిన్నవాడు కదా, మనసులో దాచుకోడు. "మరి నేనెందుకు వచ్చేనండీ?" అని అడిగేశాడు.

తప్పు నా లెక్కలో ఉందేమోనని, కథలో వాళ్ళు ఎదుర్కోవాల్సిన మొసలిని పెద్దది చేశాను. అప్పుడు అర్థమైంది. కాంతమ్మకి సరిజోడైన మొసలి రత్తాలుని ఒక్క నోటికి మింగేస్తుంది. రత్తాలుకి సరిజోడైన మొసలి కాంతమ్మకి బల్లితో సమానం. ముగ్గురికీ సరిపోయే మొసలి ఈ భూమ్మీద లేదు.

పుస్తకాలు వేసేవాళ్ళని కూడా ఏమంటాం? కొత్త పుస్తకం అమ్ముడుపోవాలంటే పాతదానికంటే ఒక పిసరు ఎక్కువ ఇవ్వాలి. దాని తర్వాతది ఇంకో పిసరు. మా కాలేజీలో మార్కులూ అంతే. నేను చదివిన రోజుల్లో ఫస్ట్ క్లాసంటే వీధి వీధంతా చెప్పుకునేవారు. ఇప్పుడు అందరికీ ఎనభైలు వస్తున్నాయి. ఎనభై తెచ్చుకున్న పిల్ల ఏడుస్తూ నా గదికి వస్తోంది.

కొన్నాళ్ళు ఆ రెండు పుస్తకాలూ బీరువాలో పెడదామా అని ఆలోచిస్తున్నాను. నువ్వు పంపినవి, నిన్ను అడగకుండా చెయ్యలేను. నేనే అతిగా ఆలోచిస్తున్నానేమో కూడా. ఏమంటావు?

పుష్పలత

కువైట్,
9 జనవరి 2000.

అక్కకి,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

నువ్వు రాసింది చదివేను. నా కూతురు అందరికంటే పైనుంటే తప్పేంటక్కా? బళ్ళో వెనక బెంచీ. గుడిలో ఎవరో ఒకరు, "పాపం, అమ్మా నాన్నా గల్ఫులోనంట" అంటారు. ఆటలోనైనా అది ముందు నడవనీ. నీళ్ళ మీద నడిస్తే నడవనీ. బీరువాలో పెట్టమని మాత్రం నేను రాయలేను. నువ్వు పెద్దదానివి, పెడితే కాదనను. కానీ నేను రాయలేను.

ఇంకో పుస్తకం దొరికింది, అట్ట బంగారు రంగుది, అన్నిటికంటే పెద్దది. ఇక్కడినుంచి బయల్దేరుతున్న మామిడికుదురువాళ్ళతో పంపుతున్నాను. ఈస్టర్‌కి రావడం కుదిరేలా లేదు. వివరాలు తర్వాత రాస్తాను.

డ్యూటీకి వేళయింది.

రేచల్

అమలాపురం,
12 మార్చి 2000.

ప్రియమైన రేచల్‌కి,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. నువ్వన్నదే నిజమేమో, కూతురు లేని దాన్ని కనుక నాకు తెలియదేమో అని చాలా రోజులు నాలో నేనే వాదించుకున్నాను. పుస్తకాలు బీరువాలో పెట్టలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను, తీర్పు నువ్వే చెప్పు.

సాయిదుర్గ రావడం మానేసింది. దాంతోపాటే వినయ్. గొడవేమీ పడలేదు. అదే నాకు బెంగగా ఉంది. పడితే సర్దేదాన్ని. మొదట తలనొప్పి అంది, తర్వాత ట్యూషను అంది, తర్వాత ఏ కారణమూ చెప్పలేదు. బడికి కూడా ఇద్దరూ వేరువేరుగా వెళ్తున్నారు. సత్యనారాయణమ్మ గారొక్కరే కొన్నాళ్ళు వచ్చారు. "ఒక్కత్తే ఆడి ఒక్కత్తే గెలుత్తుంటే చూడ్డానికి నాకే తోచట్లేదండీ" అని ఆవిడా తగ్గించారు.

దీవెన ఒక్కతే ఆడింది. నేను కథ చెబుతూ వచ్చాను. కాంతమ్మ మొసలిని చంపింది, దెయ్యాల్ని తరిమింది, లంకలన్నీ గెలిచింది. పోయిన ఆదివారం పదో తరగతికి చేరింది. నేను చప్పట్లు కొట్టాను. అది నేరేడుపండుని అరచేతిలో దొర్లిస్తూ, "గెలిచేశాక ఏం చెయ్యాలి పెద్దమ్మా?" అంది. పుస్తకం మొత్తం తిరగేశాను. అది మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆ సాయంత్రమే మామిడికుదురు నుంచి నీ పార్సిల్ వచ్చింది. దీవెన దాన్ని తీసుకుని కుట్టుమిషను మీద పెట్టింది. కాగితం విప్పలేదు. ఎందుకు విప్పలేదే అని అడిగాను.

"పార్సిల్ వచ్చిందంటే అమ్మ రాదనే కదా పెద్దమ్మా."

ఈస్టర్ మాట నేనింకా దానికి చెప్పలేదు రేచల్. ఎప్పుడు చెప్పాలా అని ఉత్తరం దాచి ఉంచాను. అదే కనిపెట్టేసింది. వేసవికి నువ్వు రాలేదు, పెట్టె వచ్చింది. క్రిస్మస్‌కి రాలేదు, రెండు పుస్తకాలు వచ్చాయి. ఇప్పుడు బంగారు రంగుది. ఒక్కోసారి ఒక్కో మెట్టు పెద్దది. ఈ వరస నాకూ ముందే కనిపించింది. నీకు నొప్పి కలుగుతుందని రాయలేదు. ఇప్పుడైనా రాయడం సరైనదో కాదో తెలియదు. ఫోన్లో చెబుదామంటే, బూత్‌లో దీవెన నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటుంది.

నిన్ను తప్పుపట్టడానికి కాదు ఇది. నువ్వు అక్కడ రాత్రుళ్ళు నిలబడి పనిచేస్తుంటేనే ఇక్కడ దీని చదువూ, నా ఇంటి సందడీ. ఈ పిల్ల నా ఇంట్లో లేకపోతే నా ఆదివారాలు ఎలా ఉండేవో నాకు బాగా గుర్తుంది. ఎవరు ఎవరికి ఋణపడ్డారో నేను తేల్చుకోలేకపోతున్నాను.

పార్సిల్ కుట్టుమిషను మీదే ఉంది.

మీ అక్క

కువైట్,
7 ఏప్రిల్ 2000.

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదటిరోజు నీ మీద కోపమొచ్చింది. రెండో రోజు కొట్టువాడి మీద వచ్చింది. ఆ తర్వాత ఎవరి మీదా మిగల్లేదు.

నాన్న గచ్చు మీద సుద్దముక్కతో పులిజూదం గీసేవారు, గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. పులికి దూకే బలం, మేకకి గుంపు బలం. చింతగింజలు మేకలు, గచ్చకాయలు పులులు. నేను ఓడిపోయి ఏడిస్తే నాన్న, "పోన్లే, నా తల్లికి నాలుగో పులి" అని ఇంకో గచ్చకాయ ఇచ్చేవారు. నాలుగో పులొచ్చేక నువ్వు నాతో ఆడ్డం మానేసేవు. పోట్లాడలేదు, ఏమీ అన్లేదు, పుస్తకం పట్టుకుని అవతలికి వెళ్ళిపోయేవు. నేను ఒక్కదాన్నే రెండువైపులా ఆడుకునేదాన్ని. నాన్న ఎంత ప్రేమతో ఇచ్చేరో తెలుసు. ఆ గచ్చకాయని చివరికి కాలవలో నేనే పారేసేను. పారేసేక నువ్వు మళ్ళీ వచ్చి కూచున్నావు. ఇన్నాళ్ళూ ఇది గుర్తుకే రాలేదు చూడు.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. వేసవి సెలవు నిజంగానే ఇవ్వలేదు. క్రిస్మస్‌దీ నిజమే. ఈస్టర్‌ది మాత్రం నేను అడగనే లేదు. భయమేసింది అక్కా. దీవెన నన్ను చూసి రెండేళ్ళు కావస్తోంది. పక్కన కూచుంటే ఏం మాట్లాడాలి? దానికి ఇష్టమైన కూరేంటో ఇప్పుడు నీకు తెలుసు, నాకు తెలీదు. నాకంటే ముందు ఏదో ఒక గొప్ప వస్తువు వెళ్తే, దాని వెనకాల నేను నెమ్మదిగా రావచ్చు అనుకున్నాను. వస్తువే వెళ్తూ వచ్చింది. నేను ఇక్కడే ఉండిపోయేను.

మొన్న సెలవు అడిగేను. జూన్‌కి ఇచ్చేరు. కాగితం చేతికొచ్చేకే ఈ ఉత్తరం మొదలుపెట్టేను.

నాకు కూడా మీ ఆటలో ఒక మనిషినివ్వు అక్కా. ఏ శక్తీ వద్దు. ఒకటో తరగతి చాలు. ఎలా ఆడాలో దీవెనని నేర్పమను. నేను ఏదీ తీసుకురావడం లేదని కూడా దానికి చెప్పు. చేతులూపుకుంటూ వస్తాను.

నీ చెల్లి

అమలాపురం,
14 మే 2000.

నా చెల్లి రేచల్‌కి,

నీ ఉత్తరంలో చివరి ముక్క దీవెనకి చదివి వినిపించాను. అది చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి నడిచింది. రెండిళ్ళకీ మధ్య కొబ్బరాకుల దడి ఒక్కటే కదా. దొంగచాటుగా వినకూడదనే అనుకున్నాను. విన్నాను.

"సాయీ, మా అమ్మ ఆడతాదంట."

"ఆడనియ్. మాకేంటి?"

"ఏటికి అవతలి గట్టున ఉంటాది. తీసుకురావాలి."

"మీ కాంతమ్మ ఉందిగా. నీళ్ళ మీద నడుచుకుంటా పోయి ఎత్తుకొచ్చేమను."

"కాంతమ్మ పది పాసైంది."

"అయితే?"

"పది పాసైనోళ్ళు బళ్ళో ఉండరు కదా. ఇంటర్‌కి వేరే ఊరు పోవాలి."

దడి అవతల ఈనెలు తీసే చప్పుడు ఆగిపోయింది.

"మరి ఫేర్వెల్ పెడతారా?" అంది సాయిదుర్గ.

"పెడతాం."

"నన్ను మాట్లాడనిస్తారా?"

"నువ్వే మాట్లాడాలి."

రేచల్, నేను 'స్థాయి' అని రాయాల్సిన చోట 'తరగతి' అని రాసి, ఏడాదిగా అది తప్పని బాధపడుతున్నాను. పుస్తకంలో పది తర్వాత పదకొండు, పన్నెండు, ఇరవై, ముప్ఫై కూడా ఉన్నాయి. దానికి అంతు లేదు. తరగతికి మాత్రం ఉంది. ఏ పిల్లకైనా తెలుసు, పది తర్వాత బడి వదలాలి. నా తెలివి వల్ల కాక పొరపాటు వల్ల మేలు జరిగినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

ఫేర్వెల్ ఘనంగా జరిగింది. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాను. కాంతమ్మకి ఒక కుర్చీ వేసి, దాని మీద నీ పుస్తకాలన్నీ పేర్చి దండ వేశారు. బంగారు రంగుదాన్ని దీవెన అప్పుడే కాగితం విప్పి అన్నిటికంటే పైన పెట్టింది. సాయిదుర్గ బడిలో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. "గౌరవనీయులైన కాంతమ్మగారు చాలా గొప్పవారు. వారు ఉండగా మాకు ఏ పనీ ఉండేది కాదు. వారు మమ్మల్ని విడిచి వెళ్ళిపోతున్నందుకు మేమందరం ఎంతో సంతోషిస్తున్నాము."

నాలుక కరుచుకుంది. విచారిస్తున్నాము అనాలి. కానీ అప్పటికే దీవెన నవ్వుతూ గచ్చు మీద దొర్లుతోంది. సాయిదుర్గ కూడా దాని పక్కన పడింది. వినయ్ అదే అదనుగా పూతరేకులు ఖాళీ చేశాడు. సత్యనారాయణమ్మ గారు కళ్ళు తుడుచుకుని, "కాంతమ్మ రావులపాలెం బ్రిడ్జి దాటేదాకా ఎవరూ వెనక్కి పిలవకండి, చదువుకోనివ్వండి" అన్నారు.

తర్వాత అందరం కొత్తగా మొదలుపెట్టాం. అందరూ ఒకటో తరగతే. రత్తాలు, సూరయ్య కూడా మొదటికొచ్చారు. వాళ్ళే అడిగి మరీ వచ్చారు. దీవెన ఈసారి కత్తి తీసుకోలేదు. లాంతరు పట్టుకునే పిల్లగా ఉంటానంది. ఇంకో పుస్తకం ఎక్కడినుంచైనా వస్తే అందరూ కలిసి చదవాలనీ, ఒకరి పని మరొకరి చేతిలోంచి లాక్కునేది ఏదీ ఒప్పుకోకూడదనీ పిల్లలే తీర్మానించారు. నేను రాసిపెట్టాను, అంతే.

అవతలి గట్టు మీద ఒకామె నిలబడి ఉంది. చేతుల్లో ఏమీ లేవు. రత్తాలు పడవ విప్పింది. ఏరు దాటడానికి పాచిక వెయ్యాలి. ఆమె తరఫున నన్ను వెయ్యమన్నారు. చేతిలోకి తీసుకున్నాను కూడా. దీవెన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మే వేస్తాది."

నేరేడుపండు కుట్టుమిషను మీద ఉంది. దీవెనకి ఇష్టమైన కూర పనసపొట్టు. దానికి నువ్వు వండితే ఎలా ఉంటుందో తెలియదట. నేను బాగా వండననే మాట మాత్రం తెలుసు.

అక్క

కువైట్,
8 జూలై 2000.

అక్కా,

చేరి వారమైంది. సూట్‌కేసు ఇంకా పూర్తిగా సర్దలేదు. తెరిస్తే మన ఇంటి వాసన పోతుందని.

నువ్వు ఎదురుగా ఉండగా చెప్పలేనివి కొన్ని రాస్తున్నాను. మొదటి రెండు రోజులూ దీవెన నన్ను 'మీరు' అంది. బయటికి నవ్వేను కానీ లోపల ఏమైందో నీకు తెలుసు. నువ్వు చూసీ చూడనట్టు పనసపొట్టు కొట్టుకుంటూ కూచున్నావు. అప్పుడు నువ్వు కల్పించుకోనందుకు నీకు దండం పెట్టాలి.

ఆదివారం వరండాలో నేరేడుపండు నా చేతిలో పెట్టేరు. రోజూ సూదులు పట్టే చేత్తో వేసేను. మూడు పడింది. మూడంటే ఏంటని అడిగితే వినయ్ గంభీరంగా, "మునిగిపోయేరండీ" అన్నాడు. పడవ తిరగబడ్డంతో రత్తాలు ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి. సత్యనారాయణమ్మ గారు, "అయ్యో, అంత దూరం నుంచి వచ్చింది, ఇంకోసారి వెయ్యనివ్వండమ్మా" అన్నారు. నువ్వు తల అడ్డంగా ఊపేవు. నాలుగో పులి నీకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నువ్వు ఊపకపోతే ఆ తర్వాతది జరిగేది కాదు.

లాంతరు పిల్ల గట్టు మీదినుంచి దిగి మొలలోతు నీళ్ళలోకి వచ్చింది. దీవెన నిన్ను అడిగింది చూడు, "పెద్దమ్మా, చెయ్యందించడానికి పాచిక వెయ్యాలా?"

నువ్వు పుస్తకం తియ్యనే లేదు. అక్కర్లేదన్నావు.

అది నిజంగానే చెయ్యి చాపింది అక్కా, గచ్చు మీద, కొబ్బరాకుల మధ్యలోంచి. "పట్టుకో అమ్మా" అంది. 'మీరు' అప్పుడు పోయింది.

నేను వచ్చేటప్పుడు అది ఏడవలేదని నువ్వు ఆశ్చర్యపోయేవు. బస్సు దగ్గర నా చెవిలో ఏం చెప్పిందో నీకు చెప్పలేదు. "రెండో తరగతికి నువ్వు లేకపోతే వెళ్ళం, తొందరగా రా" అంది. అంటే ముగ్గురూ నాకోసం ఒకటో తరగతిలోనే కూచుని ఉంటారా? నా కోసం ఫెయిలవుతూ కూచునేవాళ్ళు ఇంతమంది ఉన్నందుకు ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలీక నీకే చెబుతున్నాను.

నిన్న శుక్రవారం సంతలో ఆ కొట్టువాడు పిలిచి కొత్త పుస్తకం చూపించేడు. ఇందులో మనుషులు చచ్చిపోరట, ఎన్నిసార్లు మునిగినా తేలతారట. వద్దయ్యా, మా ఇంట్లో మునిగితే తీసేవాళ్ళున్నారు అన్నాను. వాడికి అర్థం కాలేదు.

డిసెంబరు సెలవు కాగితం ఈ ఉత్తరంతోపాటే పెడుతున్నాను. నిజమైనదే, దీవెనని సంతకం చూసుకోమను. మీ మరిదిగారికి కూడా అదే నెల ఇచ్చేరు. ఏరు దాటడానికి తనకి ఈత వచ్చు, పడవ అక్కర్లేదు అంటున్నారు. రత్తాలుకి చెప్పకు. పడవే ఎక్కించి తీసుకొస్తాను.

నీ చెల్లి,
రేచల్